వానగొట్టం దగ్గర చదివిన ఉత్తరాలు

కళ్ళజోళ్ళ దుకాణం,
సోమవారం మధ్యాహ్నం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఆరు వాక్యాలు రాశావు. అందులో నాలుగు వాన గురించి, ఒకటి కాకి గురించి, ఒకటి నా గురించి. కాకితో సమానంగా చూసినందుకు సంతోషం.

కొండమీద ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు, వారానికోసారి సరుకులు తెచ్చే జీపే దిక్కు, కాబట్టి కింద లోకంలో ఏం జరుగుతోందో రాయమన్నావు. నాకేం తెలుసురా? దుకాణంలో బేరాల్లేనప్పుడు ఫోను ముందేసుకుని నేను చూసేవన్నీ లోకానికి అక్కర్లేని సంగతులే. అవే రాస్తాను.

ఒకాయన పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఒకే రాయిని తూకం వేస్తున్నాడు. నిమ్మకాయంత రాయి. ఫోటో తీసి, కింద బరువు రాసి ఇంటర్నెట్‌లో పెడతాడు. పోయిన నెల ఒక గ్రాము తగ్గింది. అంతే, జనం రెండు పార్టీలైపోయారు. రాయి అరిగిందని ఒకళ్ళు, తక్కెడ పాడైందని ఇంకొకళ్ళు. మధ్యలో ఎవరో "రాయికి దిగులుగా ఉందేమో" అని రాస్తే రెండు పార్టీలూ ఏకమై వాణ్ణి తిట్టిపోశాయి.

రోడ్డుమీద ఒంటరిగా పడున్న చెప్పుల ఫోటోలు పెట్టే గుంపు ఒకటుంది. మొన్న ఒకరు ఎడమ చెప్పు పెడితే "కుడిది నా దగ్గరుంది" అని ఇంకొకరు బయటికొచ్చారు. పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరం చేశారు. తలుపులు కిర్రుమనే చప్పుళ్ళకి మార్కులు వేసే ఆవిడ ఇంకొకరు. మీ బావ బస్సు డ్యూటీ దిగొచ్చి, మన స్నానాలగది తలుపు చప్పుడు పంపించారు. పదికి నాలుగు వచ్చాయి. అప్పట్నుంచీ మొహం మాడ్చుకుని తిరుగుతున్నారు. పుర్రెకో బుద్ధి అని ఊరికే అన్నారా?

బళ్ళో పాఠం చెబుతూ నువ్వు ఒక మాట దగ్గర ఆగిపోతే ఎవడో తీసి అందరికీ పంపిన ఆ వీడియో సంగతి ఇక్కడ ఇక ఎవరూ ఎత్తడంలేదు. నిజంగానే ఎత్తడంలేదు. ఇది నువ్వు అడగలేదు, నేనే రాస్తున్నాను.

మీ అక్క

*

వాతావరణ కేంద్రం, కొండమీద,
గురువారం

అక్కా,

రాయి తప్పు కాదు, తక్కెడ తప్పే. ఈ మాట వాళ్ళకి తెలియజేయి. కొలిచేవాడిగా చెబుతున్నాను. ఎండాకాలమంతా నేను రోజూ ఖాళీ గొట్టంలోకి తొంగిచూసి పుస్తకంలో సున్నా అని రాశాను. ఆయనకీ నాకూ తేడా ఒక్కటే, నాకు జీతం ఇస్తారు.

నీ ఉత్తరాల వల్ల నాకో లాభం ఉంది, చెబుతాను విను. ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నరకి వానగొట్టంలో నీళ్ళు కొలవాలి. చూపు తప్పిందేమోనని పది నిమిషాలాగి మళ్ళీ కొలవాలి. ఈలోగా అక్కణ్ణుంచి కదలకూడదని రూలు. ఆ పది నిమిషాలూ నీ ఉత్తరం గొట్టానికి పైకి చదివి వినిపిస్తాను. గురువారం కొత్త ఉత్తరం, మిగతా ఆరు రోజులూ అదే మళ్ళీ. గొట్టం నవ్వదు, తొందరపెట్టదు, నా నోట్లో మాట తను అందుకుని పూర్తిచేయదు. ఇంతమంచి విద్యార్థి నాకు బళ్ళో దొరకలేదు.

అన్నిటికన్నా కష్టం నీ మొదటి మాటే. 'తమ్ముడూ' దగ్గర బండి ఆగిపోతుంది. తొడమీద చేత్తో కొట్టుకుంటూ నిలబడితే ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో కదులుతుంది. ఆ తర్వాత పర్వాలేదు.

రెండు నెలల కిందట ఆఫీసువాళ్ళు వచ్చి గొట్టం దగ్గరున్న స్తంభానికి ఒక తెల్లపెట్టె బిగించారు. గాలిలో తేమ కొలిచేదనుకుంటా. "దాంతో నీకు పనిలేదు, ముట్టుకోకు" అన్నారు. దానికెదురుగా నిలబడితే ఎండ కళ్ళలో పడదు. అందుకని అక్కడే నిలబడి చదువుతాను.

ఆ వీడియో సంగతి ఎత్తకపోయినా బాగుండేది. మూడు నెలలు నేను ఎవరితోనూ మాట్లాడకుండా పలకమీద రాసి చూపించాను, నీకు గుర్తే. ఆ పలక ఇక్కడికీ తెచ్చుకున్నాను. ట్రంకుపెట్టె అడుగున ఉంది. మళ్ళీ ఎవరైనా నవ్వారంటే ఈసారి మూడు నెలలతో పోదు అక్కా, నోరు పూర్తిగా మూసేస్తాను. బెదిరించడం లేదు, నా సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

వింతలు ఇంకా పంపు. గొట్టం ఎదురుచూస్తోంది.

తమ్ముడు

*

కళ్ళజోళ్ళ దుకాణం,
మంగళవారం

ఒరేయ్ అబ్బాయ్,

ఈ వారం వింతలేమీ లేవు. ఇంటర్నెట్ చప్పగా ఉంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. పొద్దున్నే బయటికి వెళ్ళేటప్పుడు ఆ భుజం దగ్గర చిరిగిన బనియనుతో వెళ్ళకు, చొక్కా వేసుకో. జుట్టు దువ్వుకో. వీపు గోక్కోవాలంటే లోపలికెళ్ళి గోక్కో. స్నానం చేసి తువ్వాలు కట్టుకుని బట్టలారేయడానికి బయటికి రాకు, చల్లగాలి మంచిది కాదు.

ఉత్తరాలు లోపల కూర్చుని కూడా చదువుకోవచ్చు కదా. పది నిమిషాలు ఊరికే నిలబడితే గొట్టం ఏమీ అనుకోదు.

బావ బాగున్నారు.

అక్క

*

వాతావరణ కేంద్రం,
గురువారం, జీపు వెళ్ళేలోగా

అక్కా,

ఏమైంది?

ఇంటర్నెట్ చప్పగా ఉండటమేమిటి? సముద్రం ఎండిపోయిందంటే నమ్ముతాను గానీ ఇది నమ్మను. పైగా నా బనియను భుజం దగ్గర చిరిగిందని నీకెవరు చెప్పారు? అది ఇక్కడికొచ్చాక చిరిగింది. కాకి గానీ కబురు పంపిందా?

చిన్నప్పుడు నా గాజుగోళీలు మురిక్కాలవలో పారేసినప్పుడు కూడా నువ్వు ఇలాగే మూడు రోజులు నా ఆరోగ్యం గురించి అడిగావు. నువ్వేదో దాస్తున్నావు. బావకేమైనా అయిందా? నీకా? ఏదైనా సరే రాసెయ్యి. ఇక్కడ ఊహించుకుంటూ కూర్చోవడం కన్నా ఏదైనా నయం.

ఇంకో మాట. 'ఒరేయ్ అబ్బాయ్' తీసెయ్యి. అది నోట్లోంచి జారిపోతోంది, ఒక్క దెబ్బ కూడా అక్కర్లేదు. నేను సాధన చేసేదే ఉత్తరంలో మొదటి మాటమీద. నా 'తమ్ముడూ' నాకు పెట్టు.

తమ్ముడు

*

ఇల్లు,
ఆదివారం

తమ్ముడూ,

పెట్టాను. ఇక మిగతాది కూడా రాస్తాను. బావకీ నాకూ ఏమీ కాలేదు, ముందు ఆ భయం వదిలెయ్యి.

పోయిన ఆదివారం అన్నం తిని కూర్చున్నాం. బావ ఫోను చూస్తూ నవ్వి, "ఇటు చూడవే, నీ రాయివాణ్ణి మించినవాడు దొరికాడు. ఎవడో కొండమీద నిలబడి రోజూ ఒక గొట్టానికి కాగితాలు చదివి వినిపిస్తున్నాడు" అన్నారు. నేనూ నవ్వుతూనే ఫోను అందుకున్నాను. ఎవరో పట్టి పెట్టిన ఆ పొద్దుటి బొమ్మ మంచుకి మసగ్గా ఉంది. మనిషి మొహం పోల్చలేం. కానీ ఆ కళ్ళజోడుకి కుడిపక్క కాడ ఎర్రది, ఎడమపక్క కాడ నల్లది. నల్లది నేను బిగించిందే. నీ గొట్టం ఉత్తరం నాకు ఆ మర్నాడు గానీ అందలేదు.

స్తంభంమీది తెల్లపెట్టె తేమ కొలిచేది కాదురా. అది కెమెరా. మబ్బులు చూడ్డానికి పెట్టారు. ఆ బొమ్మ పగలంతా ఆఫీసువాళ్ళ పేజీలో వస్తూనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మబ్బుల కోసం వచ్చినవాడెవడో నిన్ను చూశాడు. వాడు ఇంకొకరికి చెప్పాడు. ఇప్పుడు పొద్దున ఎనిమిదిన్నరకి నలభై వేలమంది చూస్తున్నారు. శబ్దం మాత్రం రాదు. ఒక్క ముక్క కూడా వినపడదు, ఒట్టు.

నీకు చెబితే పలక తీస్తావు. చెప్పకపోతే, ఎవరో ఒకరు నవ్వుతూ చెప్పేదాకా చూస్తూ కూర్చోవాలి. వారమంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. బావే అన్నారు, "వాళ్ళు ఏం రాస్తున్నారో చదివావా అసలు? చదవకుండానే ఏడుస్తావేం?" అని. చదివాను. కొన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఒక్కటీ మార్చలేదు, నిన్ను వెక్కిరించినవి కూడా తీసెయ్యలేదు.

"వీలునామా చదువుతున్నాడు. ఆస్తంతా గొట్టానికే."

"ప్రేమలేఖ. గొట్టం ఇంకా ఒప్పుకోలేదు."

"ఎవరైనా ఈయనకో దువ్వెన పంపండయ్యా."

"ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఈయన్ని చూస్తాను. ఈయన దేనికీ కంగారు పడడు. బస్సు ఆలస్యమైనా నాకు కోపం రావడం మానేసింది."

"మా నాన్న ఎవరితోనూ మాట్లాడడు. ఎనిమిదిన్నర కాగానే 'వచ్చాడా?' అంటాడు. రోజంతటికీ అదొక్కటే మాట."

"నాకు పన్నెండేళ్ళు. నాకూ నత్తి ఉంది. ఆయన తొడమీద కొట్టుకోవడం చూసి నాకు తెలిసిపోయింది. మాట రాకపోతే ఆయన వేరే మాట వెతుక్కోడు. అదే వచ్చేదాకా నిలబడతాడు. నేనెప్పుడూ వేరే మాట వెతుక్కునేదాన్ని. మొన్న క్లాసులో వెతుక్కోలేదు, నిలబడ్డాను. వచ్చింది."

ఇంకా చాలా ఉన్నాయి, చెయ్యి నొప్పెడుతోంది. నన్ను తిట్టు, పర్వాలేదు. పలక మాత్రం తీయకురా.

అక్క

*

కళ్ళజోళ్ళ దుకాణం,
గురువారం, తొమ్మిది గంటలు

తమ్ముడూ,

ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి నాలుగడుగులు వేశాక తల బాదుకున్నాను. లోపల కూర్చుని చదవమని రాయడం మర్చిపోయాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా ఆ కెమెరా ముందే నిలబడి చదువుతావు. తెరుద్దామంటే డబ్బాకి తాళం, నిన్ను ఆపుదామంటే నీకు ఫోను లేదు. మీ ఆఫీసుకి ఫోను చేస్తే, మబ్బుల వివరాలైతే చెబుతామన్నారు.

పొద్దున దుకాణం సగం షట్టరు మాత్రం ఎత్తి ఫోను ముందు కూర్చున్నాను. నువ్వొచ్చావు. జుట్టు దువ్వుకోలేదు. గొట్టంలో చూశావు, రాసుకున్నావు, కవరు చింపావు. మొదటి మాట దగ్గర ఆరు దెబ్బలు లెక్కపెట్టాను. నలభై వేలమంది చూస్తున్నారు, ఆ కాగితంలో ఏముందో నాకొక్కదానికే తెలుసు. 'నవ్వుతున్నాడు, చూడండి' అని ఎవరో రాశారు. అది బావకీ నాకూ ఏమీ కాలేదన్న చోటయి ఉంటుంది. తర్వాత కాగితం తిప్పావు. ఆగిపోయావు. ఈసారి తొడమీద కొట్టుకోలేదు. తలెత్తి పెట్టెకేసి చూశావు. నా కళ్ళలోకే చూసినట్టయింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయావు. రెండోసారి కొలవడానికి రాలేదు. నువ్వు కొలవకుండా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో పొగమంచు కమ్మేసింది. తెరంతా తెలుపు. ఈ ఉత్తరం ఆ తెలుపు ముందు కూర్చునే రాస్తున్నాను.

ఇంకొకటి దాచాను, అదీ చెప్పేస్తాను. బడి వీడియో వచ్చిన కొత్తలో ఒకావిడ కళ్ళజోడు కోసం వచ్చి, నాకే ఫోను చాపి చూపించి పకపకా నవ్వింది. అది మా తమ్ముడని నేను అనలేదు. "చిన్న అక్షరాలు కనిపిస్తున్నాయా?" అని అడిగి అద్దాలు మార్చాను. ఆ రోజునుంచీ అది గొంతులో ముల్లులా ఉంది. నీకు వింతలు ఏరి పంపిందంతా ఆ ముల్లు తీసుకోవడానికే.

అక్క

*

వాతావరణ కేంద్రం,
బుధవారం

అక్కా,

వారం రోజులుగా ఇక్కడ మంచు. చేయి చాపితే వేళ్ళు కనపడవు. నువ్వక్కడ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చుని ఉంటావని తెలుసు, కానీ జీపు గురువారం దాకా రాదు, ఏం చేయను?

ఉన్నదున్నట్టు రాస్తాను. 'అది కెమెరా' అన్న మాట చదవగానే కాగితాలు మడిచి జేబులో కుక్కాను. లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టాను. కొండమీద ఇంకో మనిషి లేడు, గడియ ఎవరికి పెట్టానో నాకే తెలీదు. మళ్ళీ ఆ తరగతి గది, ఆ నవ్వులు, అన్నీ వచ్చి మీద పడ్డాయి. ట్రంకుపెట్టె అడుగునుంచి పలక తీశాను. రెండు రోజులు కాకితో కూడా మాట్లాడలేదు. ఉద్యోగం వదిలేస్తున్నానని కాగితం కూడా రాసి పెట్టుకున్నాను. ఆ తెల్లపెట్టె పగలగొడదామనీ అనుకున్నాను. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఊరుకున్నాను.

కానీ కొలత కొలవాలి కదా. మంచులో వెళ్ళి కొలిచేవాణ్ణి. ఎవరికీ కనపడనన్న ధైర్యం. మూడోరోజు పది నిమిషాలూ ఊరికే నిలబడటం చేతకాలేదు. జేబులో నీ ఉత్తరం ఉంది. మిగిలిన సగం తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. వీలునామా దగ్గర కోపమొచ్చింది. ప్రేమలేఖ దగ్గర నవ్వొచ్చింది, చెప్పొద్దూ. ముసలాయన మాట రెండుసార్లు చదివాను. ఆ అమ్మాయి దగ్గరికొచ్చేసరికి 'తెలిసిపోయింది' అన్న మాట పట్టేసింది. తొమ్మిది దెబ్బలు. వేరే మాట చెప్పేద్దామా అనిపించింది, మంచులో ఎవరు చూడొచ్చారు? కానీ ఆ పిల్ల నేను నిలబడతానని రాసింది కదా. నిలబడ్డాను.

అక్కా, నేను బళ్ళో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఒక్క పిల్లకి ఇంత పాఠం చెప్పానో లేదో నాకు తెలీదు. ఇక్కడ గొంతు వినపడకుండా, చిరిగిన బనియనుతో, చెబుతున్నానని తెలియకుండా చెప్పాను. ఆ సంగతి తెలిశాక గొట్టం పక్కనే కూర్చుని ఏడ్చాను. బరువు దిగిపోయిన ఏడుపు. తర్వాత ఆకలేసింది, అన్నం వండుకున్నాను.

ఉద్యోగం వదిలే కాగితంతో పొయ్యి అంటించాను.

గురువారం: జీపు వచ్చింది, నీ రెండో ఉత్తరం ఇచ్చాడు, డ్రైవరు హారను కొడుతున్నాడు. గబగబా రాస్తున్నాను. ఆ ఆవిడ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. బావ చెప్పాడు. నువ్వా రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదనీ చెప్పాడు. నీ స్థానంలో నేనున్నా నోరు మెదపను, నాకసలే మెదపడం రాదు. ఆ ముల్లు తీసి పారెయ్యి.

ఒక దువ్వెన, రెండు బనియన్లు పంపించు. వింతలు ఆపకు. నలభై వేలమందిని రాయి కబురు లేకుండా నిలబెట్టడం బాగుండదు.

తమ్ముడు

*

కళ్ళజోళ్ళ దుకాణం,
సోమవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. బావ రెండుసార్లు చదివి, "నవ్విన నాపచేనే పండుతుందే" అని మురిసిపోయి, ఆ ఊపులో స్నానాలగది తలుపు చప్పుడు మళ్ళీ పంపించారు. ఐదు వచ్చాయి.

ఈ పొద్దున మంచు విడిపోయింది. దుకాణంలో ఒక పెద్దావిడ కొత్త కళ్ళజోడు కోసం కూర్చుని ఉంది. దగ్గరి చూపు సరిపోయిందో లేదో చూడమని అక్షరాల అట్ట ఇవ్వాల్సింది, నా చేతిలో ఫోనే ఉండిపోయింది. ఎనిమిదిన్నరకి నువ్వొచ్చావు. చొక్కా. జుట్టు తడిపి చేత్తో అణిచావు, అయినా వెనక లేచే ఉంది. గొట్టంలో చూసి రాసుకున్నాక, చంకలోంచి పలక తీశావు.

ఫోను బల్లమీద పెట్టేశాను. పలక తీశాడంటే ఇక మాట లేనట్టేనని ఆ మూడు నెలల్లో నేర్చుకున్న భయం అది. నువ్వు దాన్ని పెట్టె వైపు తిప్పి పట్టుకున్నావు. పెద్దావిడే కొత్త అద్దాల్లోంచి చదివింది: "వీలునామా కాదు. మా అక్క ఉత్తరం."

పలక నేలమీద పెట్టి కాగితం తీశావు. మొదటి మాట దగ్గర నాలుగు దెబ్బలు, ఆపైన వచ్చేసింది. పెదవులు చూసి పట్టుకున్నాను. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాది.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ఫోనులోకి వంగింది. "ఎవరమ్మా ఈయన? ఏదో చదువుతున్నాడు," అంది.

"మా తమ్ముడండీ," అన్నాను.

అక్క